సమాధానం: అంచనాల డైరీ వారం తిరక్కుండానే ఆగిపోతోంటే

ఏం జరుగుతుందో రోజూ అంచనాలు రాసి, అవి నిజమయ్యాయో లేదో తర్వాత సరిచూసుకుంటానని, ఆలోచనల్లో పొరపాట్లు సరిదిద్దుకోవడానికి కలిసే మీ ఆదివారం మీటప్‌లో అందరి ముందూ చెప్పి, వారం తిరక్కుండానే మానేస్తున్నానని రాశారు. బద్ధకమని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. 'రోజూ రాస్తాను' అన్న మాటలో ఎప్పుడు, ఎక్కడ అన్నది లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

'ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను' అని ముందే అనుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించారు. సరిగ్గా ఆలోచించడం నేర్పే అమెరికా సంస్థ, బర్క్‌లీలోని సెంటర్ ఫర్ అప్లైడ్ రేషనాలిటీ వర్క్‌షాపుల్లో దీన్నే ట్రిగర్-యాక్షన్ ప్లాన్ పేరుతో నేర్పారు. ట్రిగర్, అంటే పని మొదలుపెట్టమని గుర్తుచేసే ఆ 'ఫలానాది', స్పష్టంగా తెలిసిపోయేదై ఉండాలి. 'తీరిక దొరికినప్పుడు' అంటే పనికిరాదు, 'రాత్రి ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టగానే' అంటే పనికొస్తుంది. డైరీ ఛార్జర్ పక్కనే ఉంచండి. ఒక్క అంచనా చాలు: 'రేపు పదింటికల్లా రిపోర్ట్ పంపేస్తాను, 70 శాతం నమ్మకం.' ఎక్కువ రాయాలని చూస్తే మళ్లీ ఆగిపోతుంది.

మధ్యలో ఒక రోజు తప్పితే టెన్షన్ వద్దు. అలవాట్లు ఎలా ఏర్పడతాయో లండన్‌లో పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనంలో, ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినలేదు.

మీటప్ విషయానికొస్తే, అక్కడ లక్ష్యాలు ప్రకటించడం ఆపేసి, ఆ వారం తప్పిన అంచనా ఒకటి చదివి వినిపించండి. నా దృష్టిలో అలాంటి బృందం ఉన్నదే అందుకు. మిగతావాళ్లనీ తలా ఒకటి తెమ్మని అడగండి.