ఏఐ కోడింగ్ అసిస్టెంటుకు డ్రా.ఐఓ డయాగ్రమ్‌లను అనుసంధానించడం: మా అనుభవం

మీ సిస్టమ్ డయాగ్రమ్‌లన్నీ బొమ్మలు గీసే డ్రా.ఐఓ అనే టూల్‌లో ఉన్నాయనీ, కోడ్ రాయడానికి మీ బృందం క్లాడ్ కోడ్, కర్సర్ అన్న ఏఐ అసిస్టెంట్లను వాడుతోందనీ చెప్పి, ఈ రెండింటినీ కలపవచ్చా, కలిపితే నిజంగా ప్రయోజనం ఉంటుందా అని అడిగారు. కలపవచ్చు, అదేమంత పెద్ద పని కాదు. ప్రయోజనం మాత్రం అనుసంధానం కన్నా మీరు ఇంతకాలం ఆ డయాగ్రమ్‌లను ఎంత జాగ్రత్తగా గీశారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి మాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

ముందుగా ఒక మాట. డయాగ్రమ్ ఫైలు కోడ్ ఉన్న రిపాజిటరీలోనే (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటే) ఉంటే, అసిస్టెంటు దానిని చదవడానికి ప్రత్యేకమైన సర్వర్ ఏదీ అవసరం లేదు. డ్రా.ఐఓ ఫైలు లోపల ఉండేది ఎక్స్‌ఎంఎల్, అంటే ట్యాగులతో రాసిన మామూలు టెక్స్టు, కాబట్టి, మిగతా ఫైళ్లను చదివినట్టే దానినీ చదువుతుంది. అయితే కొన్ని ఫైళ్లలో, ముఖ్యంగా పాతవాటిలో, ఆ ఎక్స్‌ఎంఎల్ కుదించిన రూపంలో, బేస్64 అనే సంకేత రూపంలో అర్థం కాని అక్షరాల గుట్టగా ఉంటుంది. అలాంటి ఫైలును తెరిచి, ఫైల్ మెనూలోని ప్రాపర్టీస్‌లో కంప్రెస్డ్ అన్న గుర్తు తీసేసి మళ్లీ సేవ్ చేస్తే సరిపోతుంది. దీనివల్ల ఇంకో లాభమూ ఉంది: పుల్ రిక్వెస్టులో (మార్పులను కలిపే ముందు బృందం పరిశీలించే చోట) ఏ పెట్టె మారిందో, ఏ బాణం పోయిందో మనిషి కంటికి కూడా కనిపిస్తుంది.

డయాగ్రమ్‌లు రిపాజిటరీ బయట ఉన్నప్పుడో, తెరిచి ఉన్న కాన్వాసు మీద అసిస్టెంటు మీ ఎదుటే మార్పులు చేయాలని మీరు కోరుకున్నప్పుడో ఎంసీపీ సర్వర్ కావాలి, అంటే అసిస్టెంటుకూ బయటి టూల్స్‌కూ మధ్య నిలిచే చిన్న ప్రోగ్రాము. ఎంసీపీ అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్; ఈ పద్ధతిని ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో విడుదల చేసింది. బయటి టూల్స్‌ను అసిస్టెంటు ఎలా పిలవాలో, అవి ఏ రూపంలో బదులివ్వాలో అందులో నిర్ణయించారు; సందేశాలు జేసన్-ఆర్‌పీసీ 2.0 అనే ప్రామాణిక రూపంలో నడుస్తాయి. మీరు చేయవలసిందల్లా సర్వర్‌కు ఒక పేరు, దానిని నడిపే కమాండు, ఆ కమాండుకు ఇవ్వవలసిన ఆర్గ్యుమెంట్లు ఒక చిన్న జేసన్ ఫైలులో రాయడం. క్లాడ్ కోడ్, కర్సర్ రెండూ ఆ ఫైలులో ఎంసీపీసర్వర్స్ అన్న కీ కోసం చూస్తాయి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ మాత్రం తన ఫైలులో సర్వర్స్ అన్న కీ మాత్రమే చూస్తుంది. ఒకదాని నుంచి మరొకదానికి కాపీ చేసి, ఎందుకు పనిచేయడం లేదో అర్థం కాక మా సహోద్యోగి ఒకరు ఒక పూట పోగొట్టుకున్నారు. విండోస్‌లో క్లాడ్ కోడ్‌ను నేరుగా నడిపేవారైతే చాలా సర్వర్లను నడిపే ఎన్‌పీఎక్స్ కమాండును సీఎండీ స్లాష్ సీ (cmd /c) ద్వారా పిలవవలసి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

సొంతంగా సర్వర్ రాసుకోవాలనుకుంటే ఒక జాగ్రత్త తప్పనిసరి. స్థానికంగా నడిచే సర్వర్ తన సందేశాలను స్టాండర్డ్ అవుట్‌పుట్ ద్వారానే పంపుతుంది కాబట్టి, అందులోకి ప్రోటోకాల్ సందేశం కానిది ఒక్క వరుస కూడా పోకూడదు. నేను రాసిన మొదటి సర్వర్‌లో డీబగ్గింగ్ కోసం పెట్టుకున్న ఒక ప్రింట్ వాక్యం వల్ల అనుసంధానం మొదలైన క్షణంలోనే తెగిపోయేది. తప్పు నెట్‌వర్కులో ఉందనుకుని ఎక్కడెక్కడో వెతికాను. లాగ్‌లన్నీ (ప్రోగ్రాము రాసుకునే నోట్లు) స్టాండర్డ్ ఎర్రర్ అనే వేరే దారిలోకి మళ్లించగానే అంతా సర్దుకుంది.

ఇక అసలు విషయం. అన్నీ కలిశాక, మా ఆర్డర్ల వ్యవస్థ డయాగ్రమ్‌ను మాత్రమే ఆధారంగా తీసుకుని, బిల్లింగ్ సర్వీసు ఆగిపోతే ఏవేవి దెబ్బతింటాయో చెప్పమని అసిస్టెంటును అడిగాను. ఆ సర్వీసును ఎవరూ పిలవడం లేదని అది ఎంతో ధీమాగా జవాబిచ్చింది. డయాగ్రమ్‌లో చూస్తే ఆర్డర్ పెట్టె నుంచి బిల్లింగ్ పెట్టె దాకా బాణం స్పష్టంగా ఉంది, గీసిందీ నేనే. ఎక్స్‌ఎంఎల్ తెరిచి చూశాక గానీ సంగతి బోధపడలేదు. బాణానికి సంబంధించిన ఎంఎక్స్‌సెల్ అన్న ట్యాగులో ఎడ్జ్ విలువ 1 అని, అంటే ఇది బాణమని, ఉంది. కానీ సోర్స్, టార్గెట్ అని రెండు పెట్టెల ఐడీలు ఉండవలసిన చోట ఏమీ లేదు. వాటికి బదులు లోపలి జామెట్రీలో ఎక్స్ 420, వై 180 అని ఒక బిందువు, ఎక్స్ 560, వై 180 అని మరో బిందువు ఉన్నాయి. అంటే నేను గీసిన బాణం పెట్టెల అంచు దాకా వెళ్లి ఆగిందే తప్ప వాటికి అతుక్కోలేదు. మనిషి కంటికి అది సంబంధం. ఫైలు లెక్కన అది గాలిలో ఉన్న గీత. అసిస్టెంటును తప్పుపట్టడానికి ఏమీ లేదు, అది ఉన్నదే చదివింది.

ఆ తర్వాత సోర్స్ గానీ టార్గెట్ గానీ లేని బాణాలను వెతికే చిన్న స్క్రిప్టు రాయించుకుని పాత ఫైళ్లన్నిటి మీద నడిపాము. దొరికినవి చూసి సిగ్గుపడ్డామనే చెప్పాలి.

రెండో మార్పు మాకు అన్నిటికన్నా ఎక్కువగా కలిసివచ్చింది. డ్రా.ఐఓలో ఏ పెట్టెనైనా ఎంచుకుని కంట్రోల్ ఎం నొక్కితే ఎడిట్ డేటా అన్న కిటికీ వస్తుంది. అందులో మనకు కావలసిన పేరుతో సమాచారం చేర్చుకోవచ్చు. మేము ప్రతి పెట్టెకూ పాత్ అన్న పేరుతో ఆ సర్వీసు కోడ్ ఉన్న ఫోల్డరు చిరునామా రాశాము. అంతకుముందు "చెల్లింపులు" అన్న పెట్టె ఏ ఫోల్డరుదో అసిస్టెంటు ఊహించుకునేది, ఆ ఊహ కొన్నిసార్లు తప్పేది. ఇప్పుడు డయాగ్రమ్‌లో బాణం ఉండి కోడ్‌లో పిలుపు లేని చోట్లను, కోడ్‌లో పిలుపు ఉండి డయాగ్రమ్‌లో బాణం లేని చోట్లను వెతికి చెప్పమంటే, ఫోల్డర్లు చూసి మరీ చెబుతోంది. నా దృష్టిలో ఈ అనుసంధానం చేసుకోవడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

గీయించడం సంగతి వేరు. పెట్టెల స్థానాలను అంకెల్లో లెక్కగట్టి ఎక్స్‌ఎంఎల్ రాయమంటే, పది పెట్టెలు దాటగానే బాణాలు ఒకదాని మీదుగా మరొకటి పోతాయి, రాతలు పెట్టెల బయటికి వస్తాయి. కొత్త డయాగ్రమ్ కావాలంటే మేము ముందు మెర్మెయిడ్‌లో, అంటే మాటల్లో రాస్తే డయాగ్రమ్‌గా మార్చే లైబ్రరీ కోసం, రాయిస్తాము. అందులో ఏది దేనితో కలుస్తుందో చెబితే చాలు, అమరిక సంగతి ఆ లైబ్రరీ చూసుకుంటుంది. దానిని డ్రా.ఐఓలో ఇన్సర్ట్ మెనూ ద్వారా చేర్చుకుని, మిగతా సర్దుబాటు చేత్తో చేసుకుంటాము. మీ డయాగ్రమ్ చిన్నదైతే మెర్మెయిడ్ దగ్గరే ఆగిపోవచ్చు. కోడ్ దాచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్ 2022 నుంచి మార్క్‌డౌన్ అనే టెక్స్టు ఫైళ్లలో దానిని నేరుగా చూపిస్తోంది.

భద్రత గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. అసిస్టెంటు చదివిన డయాగ్రమ్‌లోని రాతలన్నీ మోడల్ నడిచే చోటికి వెళతాయి. మా పాత డయాగ్రమ్‌లలో సర్వర్ల ఐపీ అడ్రసులు, ఒకచోట ఏకంగా డేటాబేస్ పాస్‌వర్డు కూడా ఉన్నాయి; కలిపే ముందే వాటిని తీసేశాము. మార్పులు చేసే టూల్స్‌కు అడగకుండానే అనుమతి ఇచ్చే ఏర్పాటు కూడా పెట్టుకోకండి.

మీరు ఏ సర్వరూ ఇన్‌స్టాల్ చేయకముందే, రోజూ వాడే ఒక డయాగ్రమ్ తెరిచి, మధ్యలోని పెట్టెను పట్టుకుని పక్కకు జరిపి చూడండి. దానితోపాటు జరగని బాణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వాటిని అతికించడంతోనే మొదలుపెట్టండి.