ముసురు రోజుల్లో కొర్రమీను పడాలంటే

అన్నా, ఎండ కాసిన రోజు చెరువులో మూడు కొర్రమీన్లు పడ్డాయి, అల్పపీడనం వాన మొదలయ్యాక రెండు రోజులు గాలం కదల్లేదు అన్నారు కదా. మన తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇది మామూలే, టెన్షన్ పడకండి.

వాన పడగానే వాగులోంచి ఎర్రనీళ్లు దిగుతాయి. ఆ బురదలో మనం ఎరగా వేసే రబ్బరు కప్ప చేపకు సరిగా కనబడదు. నడి చెరువు వదిలేసి, కొత్త నీళ్లూ తేట నీళ్లూ కలిసే అంచున, తుంగ పక్కన వేయండి. ముదురు రంగు కప్ప పెట్టి, మీరు లాగే వేగంలో సగానికి తగ్గించి, మధ్యమధ్యలో ఆపండి. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. బుడగలు లేచిన చోటు చూసి, రెండడుగులు అవతల వేసి ఇటు లాగండి. నేనైతే వాన తెరిపిచ్చిన గంటనే నమ్ముకుంటాను. ఉరిమితే మాత్రం రాడ్ కింద పెట్టి కట్ట దిగేయండి, కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది.

నీళ్లమీద ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు కనబడితే దయచేసి అక్కడ వేయొద్దు. కింద పెద్ద చేపలు కాపలా ఉంటాయి, వాటిని పడితే పిల్లలకు దిక్కుండదు. చెరువు వేలం పాడినవాళ్లను అడిగే దిగండి.