కండోమ్ వాడితే పాపమా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. వలస పని నుంచి వచ్చిన నా భర్తకు హెచ్‌ఐవీ అని తేలింది. నాకు లేదు. డాక్టరు కండోమ్ వాడమన్నారు. కతోలికులకు అది పాపమని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘పాపం’ అన్న మాట దగ్గర సిరా అలుక్కుపోయింది. అక్కడే ఆగిపోయాను. విజయనగరంలో ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను, ప్రతి ఆదివారం పూజకు వెళ్తాను. తెలిసింది చెబుతాను.

1968లో ఆరవ పౌలు పోపు ‘హ్యుమానే వీటే’ లేఖలో తప్పుపట్టింది సంతానాన్ని ఆపాలన్న ఉద్దేశాన్ని. జబ్బుకు అవసరమైన చికిత్స వల్ల గర్భం రాకపోయినా, కోరుకున్నది అది కానంతవరకు తప్పులేదని అదే లేఖ 15వ పేరా అంటుంది. కండోమ్‌కు ఇది వర్తిస్తుందా? క్రైస్తవ వేదాంత పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు. కలయికకు దూరంగా ఉండడమే మార్గమనేవారూ ఉన్నారు. 2010లో పదహారవ బెనెడిక్ట్ పోపు, వ్యభిచార వృత్తిలోని వ్యక్తి వ్యాధి సోకకుండా కండోమ్ వాడితే అది బాధ్యత వైపు తొలి అడుగు కావచ్చన్నారు. బోధ మాత్రం మారలేదని వాటికన్ వెంటనే వివరించింది.

నా మాట అడిగితే, వాడండి తల్లీ. మీ ప్రాణం కాపాడుకోవడం పాపమని నేను నమ్మను. మీ చర్చి ఫాదర్‌తో ఏకాంతంగా మాట్లాడండి, అత్తగారి ముందు వద్దు.

మీ భర్త హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు ఒక్కపూట కూడా మానకూడదు. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గి అలాగే నిలిస్తే కలయిక వల్ల మీకు సోకదు. డాక్టరు ఆ మాట చెప్పేవరకు కండోమ్ మానవద్దు. మూడు నెలలకు మీరు మళ్లీ పరీక్ష చేయించుకోండి. సందేహాలుంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేయండి, డబ్బులు పడవు.