జాన్ డీర్ 4020లో ఏ ఇంజన్ మేలు?

అమెరికాలో 1963 నుంచి 1972 దాకా తయారైన జాన్ డీర్ 4020 ట్రాక్టర్‌కి డీజిల్, పెట్రోల్, ఎల్‌పీజీ అని మూడు రకాల ఇంజన్లు ఇచ్చారు. వీటిలో ఏది మేలని అడిగారు. నన్నడిగితే డీజిలే.

మూడూ ఆరు సిలిండర్లవే. డీజిల్ ఇంజన్ పరిమాణం (సిలిండర్ల మొత్తం ఘనపరిమాణం) 404 ఘనపు అంగుళాలు, అంటే 6.6 లీటర్లు. పెట్రోల్, ఎల్‌పీజీ ఇంజన్లు మొదట 340, తర్వాత 362 ఘనపు అంగుళాలు. డీజిల్‌కు పీటీఓ (పనిముట్లను తిప్పే షాఫ్టు) దగ్గర శక్తి సుమారు 90-95 హార్స్‌పవర్. మన ఊళ్లలో 45-50 హెచ్‌పీ బండ్లు చూసినవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. కాగితం మీద పెట్రోల్‌దీ ఇంచుమించు అంతే, కానీ రోజంతా బరువైన నాగలి లాగితే అది తాగే ఇంధనం చూసి గుండె గుభేలుమంటుంది. ఎల్‌పీజీ శుభ్రంగా మండుతుంది, ట్యాంకు నింపడమే తలనొప్పి.

గేర్‌బాక్స్‌నూ చూడాలి. క్లచ్ తొక్కకుండా గేరు మార్చే పవర్ షిఫ్ట్ సుఖమే, కాకపోతే కొన్ని హార్స్‌పవర్‌లు తనే మింగేస్తుంది. క్లచ్ తొక్కి మార్చే సింక్రో రేంజ్ గేర్‌బాక్స్‌లో ఆ నష్టం తక్కువ.

పాత డీజిల్ బండి కొంటుంటే, మొదటి మోడళ్లలో 24 వోల్టుల కరెంటు ఏర్పాటు ఉంటుంది. వైరింగ్ జాగ్రత్తగా చూసుకోండి.