ఇన్సులిన్ కోసం మూడు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. పేపర్ మిల్లు వైపు చిన్న టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. సరుకులు, జీతాలు పోను నెలకు 30 వేలు మిగులుతుంది. ఇంటి ఖర్చు 15 వేలు. మా బాబుకి 13 ఏళ్లు, మూడేళ్లుగా టైప్ 1 షుగర్ ఉంది. రెండు రకాల ఇన్సులిన్ పెన్నులు, స్ట్రిప్పులు, సూదులు కలిపి నెలకు 5,400 అవుతోంది. వానాకాలంలో గిరాకీ పడిపోయి, నెలాఖరున డోసు కొంచెం తగ్గించి వేశాం. వాంతులు, ఆయాసం వస్తే బాబుని విశాఖపట్నం తీసుకెళ్లాం. ఐసీయూతో కలిపి 1,40,000 అయింది. అందులో 80 వేలు తెలిసినాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. మిగతా 60 వేలకి మా ఆవిడ గొలుసు బ్యాంకులో పెట్టాను. పాప పెళ్లికని లక్ష రూపాయల చీటీ వేస్తున్నాను. నెలకు 5 వేలు చొప్పున 20 నెలలు, 11 నెలలు కట్టేశాను, ఇంకా ఎత్తలేదు. ఇప్పుడు ఒక ఫోన్ యాప్ వాళ్లు 2 లక్షలు ఇస్తామంటున్నారు. పాత అప్పు తీర్చి, ఇన్సులిన్ ఖర్చు కూడా వచ్చే హెల్త్ పాలసీ ఒకటి తీసుకుందామని ఉంది. మా అత్తగారిది పార్వతీపురం. వాళ్ల రేషన్ కార్డులో బాబు పేరు ఎక్కిస్తే ఆంధ్రాలో వైద్యం ఉచితమని కూడా అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ యాప్‌ని ఫోన్‌లోంచి తీసేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ ఉత్తరానికి ఇక్కడ జవాబు రాయడానికి కారణం ఉంది. ఇలాంటి ఉత్తరాలు గుణుపురం నుంచి, జయపురం నుంచి, పర్లాకిమిడి నుంచి కూడా వస్తుంటాయి. ఊళ్లు వేరు, తప్పు ఒకటే. ప్రతి నెలా తప్పకుండా వచ్చే మందుల ఖర్చుని అనుకోకుండా వచ్చినట్టు చూస్తారు. ఎప్పుడో ఒకసారి వచ్చి పడే ఆసుపత్రి ఖర్చుకి మాత్రం రూపాయి పక్కన పెట్టరు. చివరికి రెండిటికీ అప్పే చేస్తారు.

మీ లెక్కే చూడండి. 80 వేలకి నూటికి మూడు రూపాయలంటే నెలకు 2,400, ఏడాదికి 28,800. బాబుకి అయిదు నెలలకు పైగా ఇన్సులిన్ వచ్చే డబ్బు అది. ఏడాది పొడుగునా కట్టినా అసలు 80 వేలు అలాగే ఉంటుంది. ఇంకోపక్క నెలనెలా 5 వేలు చీటీలో పడుతున్నాయి. పాప పెళ్లికి ఇంకా ఎన్నేళ్లుందో మీరు రాయలేదు. ఎన్నేళ్లున్నా, ఇంట్లో 36 శాతం వడ్డీ అప్పు పెట్టుకుని పెళ్లికి పొదుపు చేయడాన్ని నేను పొదుపు అనను.

ఆ డోసు తగ్గించిన సంగతి. నేను డాక్టర్ని కాను, డబ్బు లెక్క వరకే చెబుతాను. మీరు మిగుల్చుకున్న ఇన్సులిన్ విలువ మహా అయితే కొన్ని వందలు, వచ్చిన బిల్లు 1,40,000. టైప్ 1 పిల్లల ఒంట్లో సొంత ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. బయటనుంచి ఇచ్చేది చాలకపోతే ఒకటి రెండు రోజుల్లోనే పరిస్థితి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి ఇంటి అద్దె ఆగినా, చీటీ వాయిదా ఆగినా, ఇన్సులిన్ ఆగకూడదు. హోటల్ గల్లాలోంచి రోజుకి 180 రూపాయలు వేరే డబ్బాలో వేయండి. నెలకు 5,400 అవుతుంది. సరుకుల వాడికి ఇచ్చే ముందే అది పక్కకు వెళ్లాలి.

అప్పు సంగతికి వద్దాం. చీటీ ఈ నెలే పాడేయండి. సగం దాటింది కాబట్టి తగ్గింపు మరీ ఎక్కువ పోదు. కమిషన్‌తో కలిపి 12 వేలు పోయిందనుకున్నా చేతికి 88 వేలు వస్తుంది. 80 వేలు తీసుకెళ్లి ఆయనకి కట్టేసి, రాసిచ్చిన నోటు వెనక్కి తెచ్చుకుని చింపేయండి. చీటీ చివరిదాకా ఆగితే ఈ తొమ్మిది నెలల్లో వడ్డీకే 21,600 పోతుంది. పాటలో పోయే 12 వేలు చూసి మనసు కష్టపెట్టుకోకండి. ఎత్తిన తర్వాత కూడా నెలకు 5 వేలు కట్టాల్సిందే, అది మర్చిపోవద్దు. బంగారం మాత్రం కొన్నాళ్లు బ్యాంకులోనే ఉండనివ్వండి. అక్కడ వడ్డీ రూపాయికి అటూ ఇటూగా ఉంటుంది. నెలనెలా వడ్డీ కట్టుకుంటూ గడువుకి రెన్యూ చేయించుకుంటే చాలు. మీ ఆవిడకి కోపం వస్తే నా పేరు చెప్పండి.

మిగిలిన 8 వేలు ఇక మీ అత్యవసర నిధి. నా ఉత్తరాలు చదివేవాళ్లకి ఈ మాట విసుగు పుట్టించి ఉంటుంది, అయినా మళ్లీ చెబుతాను. వేరే బ్యాంకులో వేరే పొదుపు ఖాతా తెరవండి. దానికి ఫోన్‌పే కలపకండి, ఏటీఎం కార్డు మీ ఆవిడ దగ్గర ఉంచండి. ఇంటి ఖర్చు, ఇన్సులిన్ కలిపి నెలకు 20,400 కదా. మూడు నెలలకి 61,200. దానిమీద అర్ధరాత్రి బండి కట్టించుకుని విశాఖ వెళ్లడానికి, ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టడానికి 40 వేలు. మొత్తం లక్ష పెట్టుకోండి. వడ్డీకి పోతున్న 2,400 వచ్చే నెల నుంచి ఇందులో పడితే, చీటీ ముగిసే నాటికి సుమారు 30 వేలు ఉంటాయి. ఆ తర్వాత 5 వేలు కూడా ఇటే మళ్లించండి. మరో పది నెలల్లో లక్ష దాటుతుంది. పెళ్లి చీటీ అప్పుడు వేసుకోవచ్చు. పిల్ల ఎక్కడికీ పోదు.

ఈ నిధిలో డబ్బుతో పాటు సరుకు కూడా ఉండాలి. కొత్తగా తెరవని ఇన్సులిన్ ఒక నెలది ఎప్పుడూ ఫ్రిజ్‌లో అదనంగా పెట్టుకోండి. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గడ్డకడితే పారేయాల్సిందే. పాతది ముందు వాడి, కొత్తది వెనక పెట్టడం హోటల్ నడిపే మీకు నేర్పక్కర్లేదు.

ఇక ఖర్చు తగ్గే దారి. మందుల షాపులో పెన్ను ధర, సీసా ధర పోల్చకండి, యూనిట్ ధర పోల్చండి. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ 3 మి.లీ., అందులో 300 యూనిట్లుంటాయి. మామూలు హ్యూమన్ ఇన్సులిన్ సీసా 10 మి.లీ., మన దగ్గర ఎక్కువగా దొరికే 40 రకంలో (మి.లీ.కి 40 యూనిట్లు) 400 యూనిట్లు. అది ప్రభుత్వం ధర కట్టడి చేసిన అత్యవసర మందు, సీసా ఒకటి రెండు వందల లోపే దొరుకుతుంది. 2022 నాటి అత్యవసర మందుల జాబితాలో గ్లార్జిన్ అనే ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ కూడా చేరింది. జన ఔషధి దుకాణంలో అడిగి చూడండి. మార్చాలా వద్దా అన్నది మాత్రం బాబుని చూసే డాక్టరే తేల్చాలి, ఎందుకంటే ఒక రకం బదులు ఇంకోటి వేస్తే వేళలు, మోతాదులు అన్నీ మారతాయి. సీసాకి మారితే సిరంజి జాగ్రత్త. 40 సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 సీసాకి నారింజ మూత సిరంజి. ఇవి తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రి వైపు మీరు ఎందుకు చూడలేదో నాకు అర్థం కాలేదు. ఒడిశాలో 2015 నుంచి నిరామయ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తున్నారు. జిల్లా ఆసుపత్రిలో షుగర్, బీపీ చూసే ఎన్‌సీడీ క్లినిక్‌లో బాబు పేరు రాయించండి. స్టాకు అన్ని నెలలూ ఉంటుందని నమ్ముకోవద్దు, దొరికిన నెల మిగిలిన డబ్బు నిధిలో వేయండి.

హెల్త్ పాలసీ మీద పెట్టుకున్న ఆశ మాత్రం తగ్గించుకోవాలి. నెలనెలా షాపులో కొనే ఇన్సులిన్‌కి మామూలు పాలసీ పైసా ఇవ్వదు. అది ఆసుపత్రిలో చేరితే ఇచ్చేది. డిశ్చార్జ్ తర్వాత కొన్ని వారాల మందుల బిల్లులు ఇస్తారు, అంతే. ఓపీడీ ఖర్చు, అంటే ఆసుపత్రిలో చేరకుండా అయ్యే ఖర్చు ఇచ్చే పాలసీల్లో పరిమితి, ప్రీమియం చూస్తే మీకు పెద్దగా మిగిలేది ఉండదు. టైప్ 1 పిల్లలకి చాలా కంపెనీలు పాలసీ ఇవ్వడానికే వెనకాడతాయి. ఇచ్చినా ముందే ఉన్న జబ్బుకి మూడేళ్ల వరకు ఆగమనొచ్చు. ఏజెంటు షుగర్ సంగతి రాయొద్దంటే వినకండి, ఐసీయూ బిల్లు పెట్టిన రోజున క్లెయిమ్ కొట్టేస్తారు. మీకు, ఆవిడకి, పాపకి మాత్రం ఒక పాలసీ తీసుకోండి. మీ పేరు మీద టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా కూడా కావాలి, బాబు ఇన్సులిన్‌కి సంపాదించేది మీరొక్కరే కాబట్టి.

బాబుకి దారి రాష్ట్ర కార్డే. పాత బిజు స్వాస్థ్య కల్యాణ్ ఆరోగ్య పథకం బదులు 2025 నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన నడుస్తున్నాయి. ఆసుపత్రి వైద్యానికి కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు, ఆడవాళ్లకి అదనంగా మరో 5 లక్షలు. రేషన్ కార్డు ఉంటే ఈ వారమే వెళ్లి నలుగురికీ కార్డులు చేయించండి. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం బయట జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో కూడా చెల్లుతుంది. విశాఖలో అలాంటివి ఎక్కడున్నాయో, పిల్లల ఐసీయూ ఉందో లేదో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కుని రాసిపెట్టుకోండి. బాబు వాంతులు చేసుకుంటున్నప్పుడు వెతకడం కుదరదు.

పార్వతీపురం కార్డు ఆలోచన మానేయండి. ఆంధ్రా పథకం ఆంధ్రా వాళ్లకి. మీ పిల్లవాడి పేరు అక్కడ ఎక్కిస్తే, దొరికిన రోజున మీ అత్తగారి కార్డు కూడా పోవచ్చు.