పదో పెళ్లిరోజుకు బాత్ ప్రయాణం: భార్యకు ముందే చెప్పాలా, వద్దా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నా భార్య ఆస్పత్రిలో నర్సు, పన్నెండు గంటల షిఫ్టులు చేస్తుంది. తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప ఉన్నారు. మా అమ్మానాన్నలు ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చి మాతోనే ఉన్నారు. నవంబరులో మా పదో పెళ్లిరోజు. ఏడాదిగా పిల్లల బడి, సరుకులు, షిఫ్టులు తప్ప మా మధ్య వేరే మాటల్లేవు. అందుకని తనకు చెప్పకుండా, వేడినీటి ఊటలకు పేరున్న బాత్ నగరంలో ఖరీదైన హోటల్లో మూడు రాత్రులకు సూట్ (పెద్ద విలాసవంతమైన గది) తీసుకున్నాను, ఆదివారం నుంచి బుధవారం దాకా. నా నెల జీతంలో సగానికి పైగా అయింది, క్రెడిట్ కార్డు మీద కట్టాను. ఇల్లు కొనడానికి డబ్బు కూడబెడుతున్నాం, తెలిస్తే తను ఒప్పుకోదు. ఆమె స్నేహితురాలితో మాట్లాడి షిఫ్టులు మార్పించాలని చూస్తున్నాను. మాటవరసకు ‘ఎక్కడికైనా వెళదామా’ అంటే, ‘నాకు ఎక్కడికీ వద్దు, ఒక్కరోజు నిద్రపోనిస్తే చాలు’ అంది. తను కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటుంది, ఈత దుస్తులంటే సిగ్గుపడుతుంది. అక్కడి వేడినీళ్లలో ఎక్కడ, ఎలా దిగాలో నాకూ సరిగా అర్థం కాలేదు. సంగతి తెలిసిన మా అమ్మ ‘మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టి మీరిద్దరూ షికారుకా’ అని నిష్ఠూరమాడింది. మూడు రోజుల కార్యక్రమం గంటల వారీగా రాసి పంపుతున్నాను. ఈ ప్రయాణంతో మేం మళ్లీ దగ్గరవుతామా?

జవాబు: మీ ఉత్తరాన్ని మీరే ఒకసారి తీరిగ్గా చదువుకోండి. ఈ ప్రయాణం సంగతి మీ అమ్మగారికి తెలుసు. మీ భార్య స్నేహితురాలికి తెలుసు, లేదా త్వరలో తెలుస్తుంది. నాకూ తెలుసు. తెలియనిది ఒక్క మీ భార్యకే. పదేళ్ల కాపురంలో ఆవిడకు తెలియకుండా సెలవు పెట్టించి, డబ్బు ఖర్చు చేసి, పిల్లల బాధ్యత ఇంకొకరికి అప్పగించి, చివర్లో ‘పద’ అంటే, ఆవిడ మొహంలో మీరు ఊహించుకున్న సంతోషం కంటే ముందు కంగారు కనిపిస్తుంది. పాపకు మందులెవరు వేస్తారు, వార్డులో తన బదులు ఎవరు నిలబడతారు, ఈ డబ్బు ఎక్కడిది అనే లెక్కలు రైలెక్కాక కూడా ఆగవు. ప్రేమతో చేస్తున్నారని నాకు అనుమానం లేదు. కానీ మీరు కానుక అనుకుంటున్నది, ఆవిడ వైపు నుంచి చూస్తే, తనను అడగకుండా తీసుకున్న ఇంకో నిర్ణయం.

కాబట్టి చెప్పేయండి. ఈ వారంలోనే, పిల్లలు పడుకున్నాక, హోటల్ రసీదుతో సహా చెప్పండి. కార్డు సంగతి దాచకండి. ఇల్లు కొనాలని ఇద్దరూ కడుపు కట్టుకుని దాస్తున్నప్పుడు ఒకరు చాటుగా అప్పు చేస్తే, అది బయటపడిన రోజు బాత్‌లో గడిపిన మూడు రాత్రులూ ఆ అప్పు ఖాతాలోకే పోతాయి. చెప్పే ముందు ఒక పని చేయండి. గది రద్దు చేసుకోవడానికి, తేదీలు మార్చుకోవడానికి గడువు ఎప్పటి వరకు ఉందో చూసి పెట్టుకోండి. అప్పుడు మాట మొదలుపెట్టినప్పుడు ఆవిడ కాదనడానికి కూడా చోటుంటుంది. కాదనే వీలు లేని ఆహ్వానానికి ఎవరూ మనసారా ఔననరు.

ఆశ్చర్యపరచడంలో ఉన్న మజా పోతుందని మీకు బెంగగా ఉండవచ్చు. ఆ ఊళ్లోనే జరిగిన ఒక కథ చెబుతాను. మీ పట్టికలో రెండో రోజు మధ్యాహ్నం రాసుకున్న రాయల్ క్రెసెంట్ వీధిలో 11వ నంబరు ఇల్లు ఉంది. 1772లో ఆ ఇంట్లోంచే ఎలిజబెత్ లిన్లీ అనే గాయని, తర్వాతి కాలంలో నాటక రచయితగా పేరు పొందిన షెరిడన్‌తో ఫ్రాన్స్‌కు వెళ్లిపోయింది. ఆమెకు అప్పటికి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆమె కోసం అతను మరొకడితో రెండుసార్లు కత్తియుద్ధం చేశాడు. ఆ సాహసాన్ని ఆ ఊరు ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటుంది. కానీ మరుసటి ఏడాది పెళ్లయ్యాక, అంత పేరున్న గాయని బహిరంగ కచేరీలు మానేసింది. భార్య జనం ముందు పాడటం ఆయనకు ఇష్టం లేదు. ఆవిడకు ఏది ఇష్టమన్న ప్రశ్న కత్తులు దూసినంత సులువుగా ఆయనకు తట్టినట్టు లేదు.

ఇక మీ పట్టిక. నాకు నవ్వూ వచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. పొద్దున ఎనిమిదికి ఫలహారం, తొమ్మిదికి రోమన్ స్నానశాల, పదకొండున్నరకు బాత్ అబ్బే అనే పాత చర్చి గోపురం, మధ్యాహ్నం మూడు మ్యూజియాలు! ఆ గోపురానికి 212 మెట్లు. వార్డులో పన్నెండు గంటలు కాళ్ల మీద నిలబడి వచ్చే మనిషిని పెళ్లిరోజున 212 మెట్లు ఎక్కిస్తారా? ‘ఒక్కరోజు నిద్రపోనిస్తే చాలు’ అని ఆవిడ తన కోరికను ఇంతకంటే స్పష్టంగా చెప్పలేరు. మీరు దాన్ని కాదనడంగా విన్నారు. అది కాదనడం కాదు. తనకు ఏది విలాసమో ఆవిడ చెప్పారు. అలారం మోగని ఉదయం, వేరొకరు కాచి తెచ్చిన కాఫీ, ‘ఇవాళ ఏం వండాలి’ అన్న ఆలోచన లేకపోవడం. వీటికి పెద్ద సూట్ అక్కర్లేదు. మంచి పరుపు, గోల లేని గది ఉంటే చాలు. మూడు రాత్రులను రెండు చేయండి, సూట్ బదులు మామూలు గది తీసుకోండి, మిగిలింది తిరిగి ఇంటి డబ్బులో వేయండి. అంతేకానీ ఒక రాత్రి ఖరీదైన హోటల్, మరో రాత్రి చవకైన హోటల్ అంటూ పెట్టెలు మోయించకండి.

తేదీల్లో మీరు అసలు చూసుకోనిది ఒకటుంది. నవంబరు అంటే కార్తీకం. సోమవారాలు ఉపవాసమని మీరే రాశారు, సోమవారం రాత్రికే విందు టేబుల్ పెట్టించారు! మంగళవారం బయలుదేరి గురువారం తిరిగి రండి. వారం మధ్యలో గదుల అద్దె సాధారణంగా శనివారం కంటే తక్కువే, స్నానాల దగ్గర జనమూ తక్కువ. నెలాఖరుకు మాత్రం పెట్టుకోకండి. క్రిస్మస్ సంత మొదలయ్యాక ఊరు జాతరలా ఉంటుంది, గదుల ధరలు ఆకాశాన్ని అంటుతాయి. షిఫ్టులను ఆవిడే మార్చుకుంటారు, ఆ పని మీరు చేయకండి. ఉద్యోగం ఆవిడది. కారు కూడా వద్దు. రెడింగ్ నుంచి బాత్ స్పా స్టేషన్‌కు నేరుగా రైళ్లున్నాయి, గంట ప్రయాణం. స్టేషన్ నుంచి ఊరి మధ్యకు నడిచిపోవచ్చు, పార్కింగ్ వెతుక్కుంటూ ఒకరి మీద ఒకరు విసుక్కునే అవసరం ఉండదు.

వేడినీళ్ల సంగతికి వస్తే, మీ అయోమయం కొంత ఊరి గురించి సరిగా తెలియకపోవడం వల్ల వచ్చింది. రోమన్లు కట్టిన పాత స్నానశాలలో ఇప్పుడు ఎవరూ దిగరు, దిగనివ్వరు. అది చూసి రావడానికే. నేల లోపలి నుంచి దాదాపు 46 డిగ్రీల వేడితో రోజుకు పదకొండు లక్షల లీటర్లకు పైగా నీరు ఊరుతూనే ఉంటుంది. దిగి స్నానం చేసేది 2006లో తెరిచిన థర్మే బాత్ స్పాలో. అక్కడి మేడ మీది కొలనులో సుమారు 33 డిగ్రీల గోరువెచ్చని నీళ్లుంటాయి. నవంబరులో నాలుగున్నరకల్లా చీకటి పడుతుంది. చల్లగాలిలో నీళ్ల మీద ఆవిరి లేస్తుంటే, ఎదురుగా అబ్బే గోపురానికి దీపాలు వెలుగుతాయి. మీరు కలగన్నది ఈ దృశ్యమే అనుకుంటాను. కానీ అక్కడ స్త్రీ పురుషులందరూ ఒకే కొలనులో దిగుతారు, ఈత దుస్తులు తప్పనిసరి. ఈ మాట ఆవిడకు ముందే చెప్పండి. ఒళ్లు నిండుగా కప్పే ఈత దుస్తులు బజారులో దొరుకుతున్నాయి. అవి వేసుకుని రావచ్చో లేదో స్పాకు ఫోన్ చేసి కనుక్కుని, ఆవిడకు నచ్చితేనే టికెట్లు తీసుకోండి. ‘ఇంత దూరం వచ్చాక కూడానా’ అనే మాట మీ నోట రాకూడదు. పదేళ్లుగా కాపురం చేస్తున్నా సిగ్గు ఆవిడ సొంతం. ఆవిడ వద్దంటే మీరొక్కరూ వెళ్లి ఓ రెండు గంటలు మునిగి రండి, ఆవిడ గదిలో పడుకుంటారు. ఇద్దరికీ లాభమే.

రోమన్ స్నానశాలకు మాత్రం ఇద్దరూ వెళ్లండి, తొందరపడకుండా తిరగండి. అక్కడ అద్దాల వెనుక సీసం, తగరం కలిపి చేసిన పలచని రేకులు ఉంటాయి, చేతిలో ఇమిడేటంత చిన్నవి. రోమన్ల కాలంలో జనం తమ ఫిర్యాదులను వాటి మీద గీకి, చుట్టి, సులిస్ మినర్వా దేవికని ఊటలోకి విసిరేవారు. దాదాపు 130 దొరికాయి. ఎక్కువ భాగం దొంగతనాల మీదే. డోకిలియానస్ అనే ఆయన తలకప్పు ఉన్న పైఅంగీ పోయిందని, అది తీసినవాడికి నిద్ర లేకుండా, సంతానం లేకుండా చేయమని దేవికి మొరపెట్టుకున్నాడు. ఒక అంగీకి అంత శాపం! ఆ రేకుల దగ్గర కాసేపు నిలబడి, ఈ ఏడాదిలో ఎవరి దగ్గర ఏం పోయిందో ఒకరినొకరు అడగండి. మీరు ముందు వినండి. ఆవిడ నిద్ర అంటారేమో, మీ అమ్మానాన్నలు వచ్చాక వంటింట్లో తన చోటు అంటారేమో. సమాధానం చెప్పాలని, సర్దిచెప్పాలని మీకు నాలుక దురద పెడుతుంది. ఆ పూటకు ఓర్చుకోండి.

మిగతా ఊరు నడిచి చూసేదే, పట్టిక అవసరం లేదు. ఏవన్ నది మీద పుల్టెనీ వంతెన, దాని రెండు వైపులా దుకాణాలు. రాయల్ క్రెసెంట్‌లో 30 ఇళ్లు, 114 స్తంభాలు, ముందు పచ్చిక. ఓపిక ఉంటే వెనక సందులోకి వెళ్లి చూడండి. ముందు గోడంతా ఒకే తీరుగా కట్టించి, వెనక ఎవరికి తోచినట్టు వారు కట్టుకున్నారు, ఒక ఇంటి పొడవు ఇంకో ఇంటికి ఉండదు. రోమన్ స్నానశాలను ఆనుకుని ఉన్న పంప్ రూమ్ భోజనశాలలో టీ తాగాలనుకుంటే, ఆవిడ కార్తీకమంతా శాకాహారమే అయితే గుడ్డు సంగతి కూడా బుక్ చేసేటప్పుడే చెప్పండి.

ఇప్పుడు మీ అమ్మగారి నిష్ఠూరం. అది మీరు తీర్చవలసింది, మీ భార్య మీదికి నెట్టకండి. ‘అమ్మా, మేమిద్దరం రెండు రోజులు వెళ్లొస్తున్నాం, ఇది నేను అనుకున్నదే, తనది కాదు’ అని మీ నోటితో చెప్పండి. లేకపోతే ఊరి నుంచి వచ్చాక ఆ మాట పడేది కోడలే. పెద్దవాళ్ల బాధలో న్యాయం లేదనను. కొడుకును చూడటానికి ఇంత దూరం వచ్చి, చలిలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. మీరు వెళ్లే వారానికి ముందే వారిని, పిల్లలను ఒకరోజు విండ్సర్ కోటకు తీసుకెళ్లండి, రెడింగ్‌కు దగ్గరే. బాత్‌కు మాత్రం అందరూ కలిసి వద్దు. ఆవిడ అక్కడా కోడలుగా, తల్లిగానే ఉండాల్సి వస్తుంది.

పిల్లలను వారికి అప్పగించేటప్పుడు ఒక కాగితం మీద తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. పాప మందు ఎంత, ఎప్పుడు, బడికి దింపేదెవరు, తెచ్చేదెవరు, హీటర్ ఆగిపోతే ఏ మీట నొక్కాలి, అత్యవసరమైతే 999, మీ ఇద్దరి నంబర్లు, పక్కింట్లోనో పక్క వీధిలోనో ఉన్న తెలుగువారి నంబరు. బడి పని ఆ స్నేహితులకు అప్పగించండి. ఈ కాగితం మీరే రాయాలి. పాప మందు మోతాదు మీకు గుర్తు లేకపోతే ఆవిడను అడగండి. ఆ ప్రశ్న ఇన్నాళ్లకు మీ నోట వినడం ఆవిడకు కొత్తగా ఉంటుంది.

దగ్గరవుతారా అని అడిగారు. రెండు రోజుల్లో ఏడాది దూరం తరిగిపోతుందని నేను చెప్పను. ఇద్దరూ కలిసి తేదీలు చూసుకుని, డబ్బు లెక్క వేసుకుని, ఇల్లు ఎవరికి అప్పగించాలో మాట్లాడుకునే ఆ నాలుగైదు సాయంత్రాలు మాత్రం మీకు ఇప్పటికే కావాల్సినవి.

అన్నీ విన్నాక కూడా ఆవిడ ‘నాకు బాత్ వద్దు’ అనవచ్చు. అంటే ముఖం మాడ్చుకోకుండా గడువులోపు గది రద్దు చేయండి. విండ్సర్ ప్రయాణాన్ని ఆవిడకు షిఫ్టు లేని శనివారానికి పెట్టుకుని, పిల్లలను, మీ అమ్మానాన్నలను మీరొక్కరే తీసుకెళ్లండి. భోజనాలు కూడా బయటే కానిచ్చి, రాత్రి ఎనిమిది దాటాక ఇంటికి రండి.