ఎండు సముద్ర దోసకాయల జాతి తేల్చడం గురించి మా అమ్మలుకు

అమ్మలూ,

కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్న సముద్ర దోసకాయల సరుకు, అంటే సముద్రం అడుగున బతికే ఆ దోసకాయ ఆకారపు జంతువులను ఎండబెట్టిన సరుకు, మీ విజయవాడ ల్యాబుకి వచ్చిందనీ, అన్నీ ఒకేలా ఉన్నాయనీ రాశావు. టెన్షన్ పడకు. బతికున్న వాటి ఫొటోలతో మాత్రం పోల్చకు. పేగులు తీసి, ఉడికించి, ఎండబెట్టాక సాధారణంగా పచ్చి బరువులో పదో వంతు కూడా మిగలదు. రంగూ, పొడవూ నమ్మదగ్గవి కావు.

ముందు సంచి కుమ్మరించి కుప్పలుగా వేరుచెయ్యి, ఒకే సంచిలో రెండు మూడు జాతులు కలిసి ఉండొచ్చు. ప్రతిదాన్నీ తిప్పి పొట్టవైపు, పక్కలు, వెనక చివర చూడు. పక్కల వెంబడి చనుమొనల్లాంటి బుడిపెలు ఉంటే టీట్‌ఫిష్ అనే రకం. వీపంతా పెద్ద పెద్ద మొనలుంటే థెలెనోటా అనానాస్. మలద్వారం చుట్టూ అయిదు గట్టి పళ్ళుంటే ఆక్టినోపైగా ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు. పొట్టిగా, లావుగా, వీపున అడ్డముడతలు, పొట్టవైపు లేత రంగు ఉంటే హోలోథూరియా స్కాబ్రా అని అనుమానించు. మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి వైపు ఎక్కువగా పట్టింది దాన్నే.

అనుమానం అన్నాను, తీర్పు అనలేదు. తేల్చేది చర్మంలో ఉండే, కంటికి కనపడనంత చిన్న సున్నపు ముక్కలే. వీపు నుంచి ఒకటి, పొట్ట నుంచి ఒకటి బియ్యపు గింజంత ముక్కలు కోసి, వేర్వేరు స్లైడ్ల మీద పెట్టి బ్లీచ్ చుక్కలు వెయ్యి. మాంసం కరిగాక నీళ్ళతో నాలుగైదుసార్లు మెల్లగా కడుగు. బాత్రూం యాసిడ్ జోలికి వెళ్ళకు. సున్నమే కరిగిపోతుంది, పైగా బ్లీచ్‌తో కలిస్తే విషవాయువు. మైక్రోస్కోప్ కింద బల్లల్లాంటివీ, రంధ్రాల బొత్తాముల్లాంటివీ కనిపిస్తే చాలావరకు హోలోథూరియా. ఆ రెండూ లేకుండా గులాబీ ఆకారాలూ, కడ్డీలూ కనిపిస్తే ఆక్టినోపైగా వైపు చూడు. సి ఆకారపు కడ్డీలుంటే స్టికోపస్ అనే మరో ప్రజాతి. సరుకు తయారుచేసేటప్పుడు స్కాబ్రాకి పై సున్నపు పొర రుద్ది తీసేస్తారు, అందుకే ముడతల లోపలి నుంచి కొయ్యి. ఏమీ దొరకలేదని వదిలేసేవాళ్ళు సాధారణంగా నున్నటి చోట కోసినవాళ్ళే.

ముక్కలుగా తరిగిన సరుకైతే పై రూపంతో పనిలేదు. మన మిర్చి యార్డులో కాయ చూసి తేజా అని ఠక్కున చెప్పేవాడు కూడా కారప్పొడి చూసి చెప్పలేడు కదా. అప్పుడు ఈ సున్నపు ముక్కలూ, డీఎన్‌ఏ మాత్రమే గతి. డీఎన్‌ఏకి బ్లీచ్ తగలని లోపలి కండ తీసి, ముందే ఆల్కహాల్‌లో దాచు. ఉడికించిన సరుకులో అది విరిగిపోయి ఉంటుంది, ఒక్కోసారి ఫలితం రాదు.

మన దేశంలో 2001లోనే అన్ని సముద్ర దోసకాయలనూ వన్యప్రాణి చట్టం కిందికి తెచ్చారు. కాబట్టి జాతి తేలకపోతే కేసు పోతుందని భయపడకు. కానీ సైటిస్, అంటే అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం, దాని అనుబంధం రెండులోకి (అనుమతితోనే దేశాలు దాటించాల్సిన జాబితా) 2020 ఆగస్టు నుంచి మూడు టీట్‌ఫిష్ జాతులూ, 2024 మే నుంచి థెలెనోటా ప్రజాతీ వచ్చాయి. కుప్పల్లో ముందు వాటికోసం వెతుకు. తక్కినవి ప్రజాతి దాకే తేలితే రిపోర్టులో అంతవరకే రాయి. పైవాళ్ళు తొందరపెట్టారని జాతి పేరు అంటించకు.

స్లైడ్ల ఫొటోలు స్కేలుతో సహా పంపు, చూస్తాను.

మీ పెద్దమ్మ
గుంటూరు